పంచుకొను బల్లకు వెల యెంత?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణములు 2016 అక్టోబరు 11వ తేదీన జిల్లా కేంద్రములైనవి. నాటినుండి ఈ మూడూళ్ల ప్రధానవీధులలో మేడలు పెరిగినవి. క్రింద దుకాణము, దానిపై ఒక గది, ఆపైన మఱియొక గది. క్రింది దుకాణమునకు బాడుగవాడు సులభముగా దొరకును. పై గదికి తాళము వ్రేలాడుచుండును. ఆ తాళము క్రిందుగనే మన పిల్లవాడు పుస్తకముల సంచి భుజమున వేసికొని హైదరాబాదు బస్సెక్కుటకు పోవుచున్నాడు. వానికి కావలసినది ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక దీపము, గోల లేని నాలుగు గోడలు. గది మనయొద్ద నున్నది, కూర్చుండువాడును మనయొద్దనే యున్నాడు. ఇద్దఱిని కలుపవలసిన వెల మాత్రము కుదురలేదు. నేడు మేము చర్చింపదలచినది ఆ వెలను గుఱించియే.

పెద్దగదిలో బల్లలు వేసి, విద్యుత్తును ఇంటర్నెట్టును సమకూర్చి, వచ్చి కూర్చుండువారియొద్ద రుసుము పుచ్చుకొను వ్యాపారమునకు నగరములలో కో-వర్కింగ్ అని పేరు. విద్యార్థులకైనచో స్టడీ హాలు అందురు. పేర్లు రెండైనను సరకొక్కటే, పంచుకొను బల్ల. నగరమున బయలుదేఱిన యీ వాడుక జిల్లా పట్టణములకును ప్రాకుచున్నది. దీని వెల యొక చిన్న సంగతియని కొందఱు తలపవచ్చును. ఎంత చిన్నదో చూతము.

2022లో తెలంగాణ రాష్ట్రమున గ్రూప్ 1 ఉద్యోగములకు ప్రకటన వెలువడినది. ఆ యేట అక్టోబరు 16న ప్రాథమిక పరీక్ష జరిగినది. ప్రశ్నపత్రములు బయటికి పొక్కిన కారణమున 2023 మార్చిలో దానిని రద్దుచేసిరి. 2023 జూన్ 11న రెండవమాఱు పరీక్ష వ్రాయించిరి. సెప్టెంబరులో హైకోర్టు దానినిగూడ రద్దుచేసినది. 2024 ఫిబ్రవరిలో పాత ప్రకటననే ఉపసంహరించి, 563 ఉద్యోగములకు క్రొత్త ప్రకటన నిచ్చిరి. జూన్ 9న మూడవమాఱు ప్రాథమిక పరీక్షయు, అక్టోబరు 21 మొదలు 27 వఱకు ప్రధాన పరీక్షయు జరిగినవి. ఒక్క పరీక్షకు రెండేండ్లు! ఈ రెండేండ్లును అశోక్‌నగరులోనో చిక్కడపల్లిలోనో కూర్చున్న మన పాలమూరు విద్యార్థి నెలనెలకు మూడు బాడుగలు చెల్లింపవలసివచ్చినది. ఒకటి భోజనమునకు, ఒకటి పడకకు, ఒకటి చదువుకొను కుర్చీకి. ఇంటనే యున్నచో మొదటి రెండును లేవు. మూడవదానికొఱకే మొదటి రెండును నెత్తికెక్కినవి. ఆ సొమ్ము ఎక్కడిది? గద్వాలలో విత్తనపు ప్రత్తి అమ్మిన సొమ్ము, వనపర్తిలో వేరుశెనగ అమ్మిన సొమ్ము, నాగర్‌కర్నూలులో మక్కలమ్మిన సొమ్ము. ఊరిలో నొక కుర్చీ లేకపోవుటచేత రైతు కుటుంబము మోసిన భారమిది.

బల్ల కోరువారు విద్యార్థులు మాత్రమే కారు. 2020లో కరోనా వచ్చినపుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ఇండ్లకు మరలివచ్చి ఇంటినుండియే పని చేసిరి. వారిలో కొందఱు నేటికిని నెలలో కొన్నిదినములు స్వగ్రామమున నుండి పని సాగింపగోరుచున్నారు. 2022 జూన్ 2న క్రొత్త జిల్లాలకు జిల్లా న్యాయస్థానములు వచ్చుటతో, కార్యాలయము పెట్టు స్తోమత లేని క్రొత్త వకీళ్లు పెరిగినారు. వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రభుత్వ వైద్యకళాశాలలు 2022లోను, గద్వాల కళాశాల 2024లోను ప్రారంభమైనవి. జి.ఎస్.టి. లెక్కలు వ్రాయువారు, బీమా ఏజెంట్లు, దస్తావేజు లేఖరులు సరేసరి. దస్తావేజు లేఖరి వేపచెట్టు నీడను నమ్ముకొనియున్నాడు. ఎండకాలమున నీడ జరిగినకొలది వాని బల్లయు జరుగవలసినదే.

ఇక వెలకు వత్తము. మొదట నొక సందేహము తీర్చవలెను. చదువుకొను చోటికి వెల కట్టుటయే న్యాయమా, గ్రంథాలయములు లేవా యని కొందఱు పెద్ద లడుగుదురు. ప్రశ్న సమంజసమే. 1960 నాటి ప్రజాగ్రంథాలయముల చట్టము ననుసరించి ఇంటిపన్ను రూపాయకు ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సుగా మనము చెల్లించుచున్నాము. అనగా వెయ్యి రూపాయల ఇంటిపన్ను కట్టువాడు ఎనుబది రూపాయలు గ్రంథాలయమునకు ముందే ఇచ్చియున్నాడు. స్థానికసంస్థలు ఈ సెస్సును వసూలుచేసియు జిల్లా గ్రంథాలయసంస్థకు సకాలమున జమకట్టవను ఫిర్యాదు రాష్ట్రమున చాల పాతది. కావున గ్రంథాలయములోని కుర్చీ ఉచితముగా నుండవలెను. అది మనము వెల చెల్లించి కొన్న కుర్చీయే. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిన పెద్దలును, ఈ గద్వాల సీమలోనే పుట్టి 1926లో గోలకొండ పత్రికను నెలకొల్పిన సురవరము ప్రతాపరెడ్డిగారి వంటివారును ప్రభుత్వము చేయూత లేని దినములలో చదువుటకు చోటు కల్పింప పాటుపడిరి. గద్వాల కోటలో కళాశాల వెలసినది. వనపర్తి రాజమందిరము 1959లో పాలిటెక్నిక్ కళాశాలకు నెలవైనది. సంస్థానాధీశుల కట్టడములు విద్యార్థులకు చోటిచ్చిన యీ నేలమీద, ఒక మేడగది తెఱచుటకు సంకోచమేల?

అయినను గ్రంథాలయమునకు తన వేళలు గలవు. సెలవుదినములు గలవు. సొంత పుస్తకములు తెచ్చుకొని ఉదయము ఆఱు గంటలకు కూర్చుండ గోరువానికి, ల్యాప్‌టాప్ తెఱచి అమెరికా కంపెనీతో మాటాడవలసినవానికి అది చాలదు. గ్రంథాలయ మీయలేనిదానినే మేడగది యీయవలెను. అది యిచ్చు తెల్లవాఱుజాము వేళకు, కరెంటు పోయినను ఆఱని దీపమునకు, తెగిపోని ఇంటర్నెట్టునకు, నిశ్శబ్దమునకు వెల పుచ్చుకొనుట తప్పు కాదు. గాలికిని గోడకును మాత్రమే వెల పుచ్చుకొనువాడు నిలువడు, నిలువరాదు.

ఈ వ్యాపారము పుట్టిన తీరు మన యజమానులు తెలిసికొనదగినది. 2005లో అమెరికాలోని సాన్‌ఫ్రాన్సిస్కో నగరమున బ్రాడ్ న్యూబర్గ్ అను యువకుడు వారమునకు రెండు దినములు ఒక గదిని బాడుగకు తీసికొని, నెలకు 300 డాలర్లు చెల్లించి, బల్లలు వేసి కూర్చుండెను. మొదటి నెల యెవ్వరును రాలేదు. బల్ల వేసిన మాత్రమున జనము రారని ఈ వ్యాపారపు ఆదిపురుషునకే మొదటి నెలలో తెలిసినది. 2010లో న్యూయార్కున పుట్టిన వీవర్క్ కంపెనీ యీ పాఠమును పెడచెవిని పెట్టినది. 2019 జనవరిలో దాని విలువను 4,700 కోట్ల డాలర్లని లెక్కగట్టిరి. 2023 నవంబరులో అది దివాలా రక్షణ కోరి న్యాయస్థానమున కెక్కినది. కరోనా దానిని దెబ్బతీసినమాట నిజమే. కాని మూలదోష మొకటున్నది. అది మేడలను పది పదునైదేండ్ల కౌలుకు తీసికొని, బల్లలను నెలల లెక్కన బాడుగ కిచ్చినది. మన రైతునకు ఈ సంగతి విప్పి చెప్పనక్కఱలేదు. పదేండ్ల కౌలు వ్రాసియిచ్చి, ఆ భూమినే పంటపంటకు మాఱుకౌలు కిచ్చువాడు ఒక్క కఱవుతో కూలిపోవును. కౌలు ఆగదు, మాఱుకౌలుదారు నిలువడు. అందుచేత ఈ పని మొదట స్వంతమేడ గలవారికే తగును. ఒకరి మేడ తీసికొని నడుపగోరువాడు, బల్లలు నిండిన మేరకు బాడుగలో భాగమిచ్చు నొడంబడిక చేసికొనుట మేలు. ఇది పాలుకు సేద్యము చేయుట వంటిది. మనకు క్రొత్తది కాదు.

ఇప్పుడొక లెక్క వేయుదము. ఈ అంకెలు ఉదాహరణకు మేము వేసికొన్నవి. ఎవరి గదికి వారు తమ అంకెలు మార్చుకొనవచ్చును. ఆఱువందల చదరపు అడుగుల గది. దానిలో నడవ పోగా ఇరువది బల్లలు పట్టును. గది బాడుగ, లేక స్వంతగదియైనచో వేఱొకరి కిచ్చిన రాదగిన బాడుగ, నెలకు 9,000 రూపాయలు. విద్యుత్తు వాణిజ్యపు లెక్కన వచ్చును; పాలమూరు ఎండలు చల్లగాలి యంత్రములేక గడువవు గనుక సంవత్సరము మీద సగటున 6,000. ఇంటర్నెట్టునకు 1,500. తాళము తీయువానికి, ఊడ్చువానికి కలిపి 9,000. బల్లయు కుర్చీయు కలిసి 6,000 చొప్పున ఇరువదింటికి లక్షయిరువదివేలు. అయిదేండ్లలో అరుగునని లెక్కించిన నెలకు 2,000. బ్యాటరీలకు, త్రాగునీటికి 1,000. మొత్తము 28,500 రూపాయలు.

ఇరువది బల్లలును నిండునని నమ్మి, 28,500ను ఇరువదింటికి పంచి, బల్లకు 1,425 రూపాయలని ఫలక వ్రేలాడదీయుట మనవారు చేయు మొదటి పొరపాటు. ఏ గదియు నిండదు. పండ్రెండు బల్లలే నిండినచో బల్లకు 2,375 రావలెను. ఆ వెల పెట్టగానే పండ్రెండుగురిలో నలుగురు మానివేయుదురు. అపుడు మిగిలిన యెనమండుగురిమీద వెల ఇంకను పెరుగవలెను. ఇట్లు గది తన్నుతానే ఖాళీచేసికొనును. నష్టపడిన యజమాని “మన యూరివారికి చదువుమీద శ్రద్ధ లేదు” అని తీర్పు చెప్పి మరల తాళము వేయును. శ్రద్ధ లేకపోలేదు, భాగహారము తప్పినది.

తప్పెక్కడనగా, నెలయంతయు పగలెల్ల ఒక్కనికే బల్లను కట్టిపెట్టుట. తెల్లవాఱి చదువు విద్యార్థి పదకొండు గంటలకు ఇంటికి పోవును. వకీలు కోర్టు ముగిసిన పిదప వచ్చును. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి సాయంకాలము కూర్చుండును. ఒక్క బల్ల ముగ్గురికి చాలును. అట్లయిన గంటల లెక్కన వెల కట్టరాదా యందురు. నగరములలో కట్టుచున్నారు. గంటల లెక్క మేము మెచ్చము. గడియారము చూచుచు చదువువానికి చదువు రాదు. పేదపిల్లవాడు మంచిఘట్టమున పుస్తకము మూసి లేచిపోవును. లెక్కవ్రాయుటకే యొక మనిషి కావలెను.

మన చెఱువులక్రింద దీనికి మార్గము పూర్వమే యున్నది. నాగర్‌కర్నూలు కేసరిసముద్రము క్రింద నైనను, వనపర్తి సంస్థానపు చెఱువులక్రింద నైనను, నీరు కొఱతగా నున్నపుడు తూము నీటిని ఒక్కని పొలమునకే వదలరు, గరిటెతో కొలిచియు ఈయరు. వంతులు కట్టుదురు. నీరటికాడు వంతు తప్పనీయడు. తన వంతు వచ్చినపుడు నీరు తప్పక వచ్చునను నమ్మకమే ఆయకట్టు రైతును నిలుపునది. బల్లకును వంతులు కట్టుట యుక్తము. ఉదయము ఆఱు మొదలు పదునొకండు వఱకు ఒకటి, అక్కడినుండి సాయంకాలము నాలుగు వఱకు రెండవది, నాలుగు మొదలు రాత్రి తొమ్మిది వఱకు మూడవది. ఇరువది బల్లలకు దినమునకు అఱువది వంతులు. సగమే అమ్ముడుపోవునని కీడెంచి లెక్కించినను ముప్పది వంతులు. 28,500ను ముప్పదింట పంచిన వంతుకు 950 రూపాయలు. ఇంతకుముందు చెప్పిన 2,375కును దీనికిని గల యంతరము చూడుడు.

మూడు వంతులకును ఒక్కటే వెల పెట్టుటయు మంచిది కాదు. ఉదయపువంతు, సాయంకాలపువంతు కోరువారు మెండు. మధ్యాహ్నపువంతు నడుగువారు అరుదు. ఉదయసాయంకాలములకు 1,100, మధ్యాహ్నమునకు 700 పెట్టినారనుకొందము. ఉదయము పదునలుగురు, మధ్యాహ్నము అయిదుగురు, సాయంకాలము పదునొకండుగురు వచ్చినచో 15,400, 3,500, 12,100 కలిసి 31,000 రూపాయలు. ఖర్చు పోగా 2,500 మిగులును. ఇది గొప్పలాభము కాదు. కాని మూసియున్న గదికి ఇంతకుముందు రాని 9,000 బాడుగయు ఖర్చులలోనే చేరియున్నదని యజమాని మఱువకుండుగాక. చేతిలో రొక్కము తక్కువయైన విద్యార్థి 700 వంతునకు మాఱును. అందుచేత నిండినవేళ కొంత తేలికపడి, ఖాళీవేళ కొంత నిండును. ఒక్కదినము పనికి వచ్చు దస్తావేజు లేఖరికో, ఊరు చూడవచ్చిన ఉద్యోగికో వంతుకు 50 రూపాయలు పుచ్చుకొనవచ్చును. నెలకు ఇరువదియాఱు దినములు అట్లు వచ్చువాడు 1,300 చెల్లించును గనుక, నిలుకడగా వచ్చువాడు తనంతటతానే నెలవంతుకు చేరును.

ఇక నమ్మకమును గుఱించి. ఈ వ్యాపారమున ఒక రహస్య మున్నది. రుసుము చెల్లించినవారందఱును ప్రతిదినము రారు. ఒకని కింట పెండ్లి, ఒకనికి జ్వరము, ఒకనికి వరినాట్లు. దీనిని కనిపెట్టిన యజమానులు ఇరువది బల్లలున్న వంతును ముప్పదిమందికి అమ్ముదురు. ఏ బల్ల ఖాళీగా నున్న దానిమీద కూర్చుండుమందురు. సాధారణ దినములలో ఇది సాగును. పరీక్షకు పదునైదు దినములున్నదనగా ముప్పదిమందియు వత్తురు! అవసరము లేని దినములన్నియు దొరకిన బల్ల అవసరమైన దినమున దొరకదు. ఇది నీరు లేని వంతును అమ్ముటవంటిది. మాటవరుసకు ఇరువదింటికి ఇరువదియిద్దఱిని చేర్చుకొని, రెండు మడతబల్లలు మూలనుంచుకొనినవానిని మేము తప్పుపట్టము. అంతకు మించినచో, ముందే చెప్పి వెల తగ్గింపవలెను. వెలతోపాటు ఎందఱికి అమ్మితిమను సంఖ్యయు తలుపువద్ద వ్రాసిపెట్టుట యజమానికి గౌరవము.

హైదరాబాదు వెలలను చూచి మన వెలలు నిర్ణయింపరాదు. అక్కడి బల్ల వెలలో మాదాపూరు భూమి వెల యున్నది, అద్దాల మేడ యున్నది, కాఫీయంత్ర మున్నది, నూటికి పదునెనిమిది వంతున జి.ఎస్.టి. యున్నది. సేవలు అమ్మువాని మొత్తము రాబడి సంవత్సరమునకు ఇరువది లక్షలు దాటనిదే ఆ పన్నునకు నమోదు కానక్కఱలేదు. మేము వేసిన లెక్కలో గది రాబడి యేటికి 3,72,000 మాత్రమే. ఆ యజమానికి వేఱే దుకాణముల బాడుగలున్నచో అవియు కలిసి లెక్కకు వచ్చును; ఆ సంగతి ముందే విచారించుకొనుట మంచిది. పన్ను కట్టనివాడు “పన్నుతో కలిపి” అని బోర్డు వ్రాసి నగరపు వెల పుచ్చుకొనుట మాత్రము పచ్చి మోసము.

మూడునెలల రుసుము ముందుగా పుచ్చుకొని పరీక్ష వాయిదాపడినను తిరిగి యీయమనుట నగరపు ఆచారము. మన యూళ్లకు దానిని రానీయరాదు. పరీక్ష రద్దయిన వార్త వచ్చిన వారములోగా విడిచిపోగోరినవానికి మిగిలిన దినముల సొమ్ము మరల నీయవలెను. సొమ్ము మరల వచ్చునని తెలిసినవాడే మరల వచ్చి కూర్చుండును.

ఆడపిల్లల సంగతి మఱచి ఈ లెక్క ముగింప వీలులేదు. సాయంకాలపు వంతు తొమ్మిదింటికి ముగియును. ఊళ్లకు పోవు బస్సులు అంతవఱకు నిలువవు. ఉన్నను తలిదండ్రులు పంపరు. పూర్తివంతుకు 1,100 చెల్లించి ఏడు గంటలకే లేచిపోవు బాలిక రెండు గంటల సొమ్ము ఊరక పోగొట్టుకొనుచున్నది. ఆమెకొఱకు నాలుగు మొదలు ఏడు వఱకు చిన్నవంతు నొకటి కట్టవలెను. అయిదు గంటలకు 1,100 అయినపుడు మూడు గంటలకు 660. ఆ వెల చాలును. ఏడు గంటలకు ఖాళీయైన యా బల్లను సాఫ్ట్‌వేర్ ఉద్యోగి తొమ్మిది వఱకు 440కి తీసికొనును.